పెట్టెల దాసుకున్న రసీదులు

మొన్న మొగుళ్లపల్లిల ఒక వలీమాకు పోయిన. దస్తర్‌ఖాన్ మీద బగారా అన్నం, దాల్చా. నాలుగు ఊర్లోళ్లు కలిసిన్రు, ముచ్చట ఇంటిపన్ను మీదికి మళ్లింది. పక్కన కూసున్న ఒక చాచా (ఏ ఊరో చెప్పను) గరమైండు: "మా గల్లీల మోరీ లేదు, లైటు లేదు. ఎందుకు కట్టాలె బేటా? మూడేండ్ల సంది పైసా ఇయ్యలే!" చుట్టున్నోళ్లంతా "సహీ బాత్" అన్నరు.

నేనన్న: చాచా, మీ గుస్సా వాజిబే. దవా మాత్రం గలత్.

ఇంటిపన్ను హైదరాబాద్‌కు పోదు, ఢిల్లీకి పోదు. కారోబార్ రసీదు కోసిన పైసలు ఆ ఊరి పంచాయతీలనే జమైతయి. వీధిలైటు బల్బు, బోరు మోటర్ రిపేరు, మోరీల బ్లీచింగు, సఫాయి కార్మికుల తలబు, చెత్త ట్రాక్టర్ డీజిల్, అన్నీ ఊరి ఖజానా ఖర్చులే. 2024 ఫిబ్రవరిల సర్పంచుల గడువు అయిపోయింది. ఎన్నికలు 2025 డిసెంబర్‌ల గాని కాలే. పాలకవర్గం లేదని అన్ని దినాలు కేంద్రం 15వ ఆర్థిక సంఘం పైసలు ఆపింది. అప్పుడు పంచాయతీకి సొంతంగ మిగిలింది ఎక్కువగ ఈ పన్నే. మీరు ఆపితే సర్పంచు ఇంట్ల పొయ్యి ఆరదు. పొద్దుగాల్నే మోరీ తీసే ఆ గరీబు అక్క తలబు ఆగుతది.

ఇంకో మాట చెప్తే నొచ్చుకుంటరేమో. 2019 డిసెంబర్‌ల పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మనందరం ఏం చేసినం? సందూకులు తెరిచి, అబ్బాజాన్ కాలం ఇంటిపన్ను రసీదులు ఎదికి లామినేషన్ చేయించినం. మనం ఈడోళ్లమే అనేదానికి సబూత్ అని. డర్ అట్లాంటిది, నేను గూడ చేయించిన. కని ఆ కాగజ్ మిల్కియత్‌కు గూడ పక్కా సబూత్ గాదు, కబ్జాల ఉన్నమని చెప్తది, అంతే. దాని అసలు తాకత్ వేరే ఉన్నది. అది పట్టుకొని "నా పైసలు ఏడ ఖర్చు పెట్టిన్రు?" అని అడగొచ్చు. ఆ పని మనల ఎంతమంది చేసిన్రు?

హజ్రత్ ఉమర్ (రజి) మింబర్ మీద నిలబడితే ఒక మామూలు మనిషి లేచి "అందరికీ వచ్చిన బట్ట ఒక్కటే, నీ కుర్తాకు ఎక్కువ బట్ట ఎట్ల వచ్చింది?" అన్నడట. కొడుకు లేచి, నా హిస్సా అబ్బాకు ఇచ్చిన అని జవాబ్ చెప్పేదాక సభ ముందుకు పోలే. ఈ వాకియా మనం ప్రతి జల్సల వింటం, వాహ్ వాహ్ అంటం. పంచాయతీ ఆఫీసు గడప మాత్రం ఎక్కం.

బకాయి, వసూలు, రసీదు, ఖర్చు, హక్కు, దరఖాస్తు. ఆ ఆఫీసుల తిరిగే మాటలన్నీ మన ఇండ్లల్ల పలికేటియే. మాటలు లోపల, మనం బయట!

రూపాయి ఇంటిపన్ను మీద 8 పైసలు గ్రంథాలయ పన్ను గూడ ఉంటది. శాఖా గ్రంథాలయంల ఒక ఉర్దూ అఖ్బార్ ఎందుకు వేయరని అడిగినమా? మన పిల్లలు ఉర్దూ మర్చిపోయిన్రని ఏడుసుడు మాత్రం బాగ ఏడుస్తం.

మోరీ కట్టని పంచాయతీని మాఫ్ చేయమంటలేను. గల్లీ పేరు చూసి సీసీ రోడ్డు మలుపు దగ్గర ఆపేటోళ్లు ఉన్నరు, అది జులుమే. కని బకాయి పెట్టినోని నోరు మూపిచ్చుడు వాళ్లకు ఆసాన్: "ముందు పన్ను కట్టు" అంటరు, అయిపాయె. రసీదు చేతుల ఉన్నోనికి ఆ మాట అనలేరు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొక్కసారి గ్రామసభ పెట్టాలె. అండ్ల పన్ను ఎంత వచ్చింది, ఏ వార్డుల ఎంత పెట్టిన్రు అని అడగొచ్చు. జవాబ్ రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలె. ఊరి ఆఫీసుల దానికి ఫీజు గూడ లేదు.

చాచా ఏమనలే. తెర అవుతల నుంచి చాచీ అన్నది: "ఇల్లు నా పేరు మీదుంది. సభకు ఆడోళ్లు రావొచ్చా బేటా?"

ఓటరు లిస్టుల పేరున్న ప్రతి ఒక్కరు గ్రామసభ మెంబరే చాచీ, అన్న. "అయితే బకాయి ఎంతుందో రేపే అడిగిరా" అన్నది చాచాతోని.