నాలుగు పంక్తుల దినచర్య

దినచర్య వ్రాసికొను అలవాటును గూర్చి ఈ మధ్య మన యువకులు కొందరు ఒక వింత సిద్ధాంతము చేయుచున్నారు. తేది, వాన, ధర, వచ్చిన చుట్టము, ఈనిన ఆవు - ఇట్టివి నాలుగు పంక్తులలో వ్రాసి ముగించుట గుమాస్తా పని యట! మనసులోని దెల్ల ఏ కట్టుబాటు లేక పుటలకొలది వెళ్లబోసికొనుటయే నిజమైన దినచర్య యట! ఈ మాట ఏ హైదరాబాదులోనో విజయవాడలోనో చెప్పినచో నాకు పేచీ లేదు. కామసముద్రమున చెప్పినప్పుడు మాత్రము ఊరకుండజాలను.

ఇక్కడి తెలుగు కుటుంబముల స్థితి చదువరులకు తెలియనిది కాదు. ఇంట తెలుగు, బడిలో కన్నడము, ఉద్యోగమునకు ఇంగ్లీషు. బంగారు గనుల వైపు పోయినచో అరవము గూడ కావలెను. మాటలాడు తెలుగునకు మనకు కొరత లేదు. కొరత యెల్ల వ్రాయు తెలుగునకే. మన పిల్లలు అవ్వతో తెలుగున పోట్లాడుదురు. ఆ పోట్లాటను తెలుగు అక్షరములలో వ్రాయుమన్నచో చేతులెత్తుదురు. శుభలేఖ యొక్కటి తప్ప ఏడాది పొడుగున తెలుగు లిపి గడప లోపలికి రాని ఇండ్లు మనలో ఎన్ని లేవు?

ఇట్టి పిల్లవానితో "నీ హృదయమును పది పుటలు వ్రాయుము" అన్నచో వాడు మూడవనాటికి ఇంగ్లీషునకు మరలును, లేదా పుస్తకము మూసివేయును. "ఈ దినము వాన లేదు. టమోటా పెట్టె ధర పడిపోయినది. రాత్రి ఏనుగులు దిగి రాగిచేను త్రొక్కినవి. మామ వచ్చెను" అని వ్రాయుటకు గుణింతము వచ్చిన చాలును. మొదట ఒత్తులు తప్పును, తప్పనిండు. ఏడాది తిరుగునప్పటికి ఆ చేయి తెలుగున వేయికి పైగా పంక్తులు వ్రాసియుండును. ఏ తరగతి ఇంతపని చేయగలదు?

నాలుగు పంక్తులు గుమాస్తా పని యనువారికి మన గ్రామచరిత్ర ఎక్కడనుండి వచ్చినదో తెలియదు. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప మైసూరు రాజ్యమును సర్వే చేసిన కాలిన్ మెకంజీ, 1821లో మరణించువరకు, ఊరూర చరిత్రలు సేకరింపజేసెను. ఆ పనిలో ఆయనకు కుడిభుజములు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. వారు పోగుచేసిన కైఫీయతులలో పెక్కింటికి ఆధారము కరణముల కవిలెలు. కరణము తన మనోవేదనను అందు వ్రాసికొనలేదు. ఏ చెరువు ఎవరు కట్టించిరి, ఏ మాన్యము ఎవరికి చెల్లినది, ఏ యేట క్షామము వచ్చినది - ఇంతియే వ్రాసెను. గుమాస్తా వ్రాతయే మిగిలినది.

అవతలి పక్షమువారు ఏనుగుల వీరాస్వామయ్యను సాక్ష్యమునకు పిలుతురు. పిలువనిండు, ఆయన నా సాక్షియే. 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరు 3న మరలివచ్చిన ఆ యాత్రికుడు వ్రాసినది పెద్ద గ్రంథమే. కాని అందు చూడుడు: ఏ మజిలీ చేరితిమి, ఎంత దూరము నడచితిమి, అంగళ్లున్నవా, నీటి వసతి యెట్టిది - ముందు ఇవి. మతమును గూర్చియు, లోకమును గూర్చియు ఆయన చేసిన విచారణ ఆ మజిలీ లెక్కల నానుకొనియే నిలిచినది. పైగా ఆయన గాలికి వ్రాయలేదు. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల యను మిత్రునికి వ్రాసెను. ఆ మిత్రుడే 1838లో దానిని అచ్చువేయించెను. (పాశ్చాత్యులలో శామ్యూల్ పీప్స్ పేరు చెప్పువారును కలరు. ఆయన 1660 నుండి తొమ్మిదేండ్లకు పైగా దీర్ఘముగ వ్రాసి, కన్నులు పోవునని భయపడి 1669లో మానివేసెను. పిదప ముప్పదినాలుగేండ్లు బ్రతికెను!)

మనసు వెళ్లబోసికొనుట ఆరోగ్యమునకు మంచిదని శాస్త్రజ్ఞులు తేల్చిరని మరియొక వాదము. ఇందు సత్యము లేకపోలేదు. 1986లో అమెరికాలో పెన్నబేకర్, బీల్ అను వారు ప్రకటించిన పరిశోధనలో తమ జీవితమునందలి ఘోరానుభవములను వ్రాసిన విద్యార్థులకు తరువాతి నెలలలో వైద్యుని యొద్దకు పోవు అవసరము తగ్గినది. అయితే వారు వ్రాసినది నాలుగు దినములు. దినమునకు పదునైదు నిమిషములు! ఆయుష్కాలమెల్ల రాత్రింబవళ్లు కుమిలి వ్రాయుమని ఆ పరిశోధన చెప్పలేదు.

ఇక నా పక్షమునందలి లోపమును నేనే చెప్పవలెను. మా నాయన వ్రాసిన దినచర్యలు మా యింట ట్రంకుపెట్టెలో కలవు. 2001 ఫిబ్రవరి 28వ తేదీ క్రింద రెండే పంక్తులు: "ఈ దినముతో గనులు మూసిరి. వచ్చునప్పుడు రాగులు రెండు మూటలు తెచ్చితిని." నూటయిరువదేండ్లు బంగారము త్రవ్విన గనులు మూతపడిన దినమది, ఆయన జీతము గూడ మూతపడిన దినమది. ఆ పంక్తులు చదివిన క్షణమున, ఆ రాత్రి కంచము ముందర ఆయన చాలసేపు ఊరక కూర్చుండుట నాకు కనబడును. నా కుమారునికి కనబడదు. "తాత ఏడ్చెనా?" అని వాడడిగెను. పుస్తకములో సమాధానము లేదు.

కావున అట్టి దినమున ఐదవ పంక్తియు, అవసరమైనచో యాబదియవ పంక్తియు వ్రాయుటను నేను కాదనను. క్రమము మాత్రము తప్పరాదు: ముందు నాలుగు పంక్తులు, పిదప హృదయము. హృదయము బరువెక్కిన దినముననే పుస్తకము తెరచువాడు ఏడాదిలో ఏడెనిమిది దినములకంటె తెరవడు. తెరచినప్పుడు తెలుగు వ్రాయు చేయి తుప్పుపట్టియుండును. ఇంకొక సంగతి. చెరువు మరవ పారిన యేడు, బోరు ఎన్ని అడుగులకు దిగినది, 2018 నుండి బెంగుళూరు శుద్ధిచేసిన నీరు కోలారు జిల్లా చెరువులకు వచ్చుట మొదలైన పిదప బావులలో మట్టము మారినదా లేదా - వీనిని గూర్చి రచ్చకట్టపై ఎన్ని తగవులు! ప్రతి యింట నాలుగేసి పంక్తులున్నచో ఆ తగవులలో సగము తీరియుండును.

సంఘమువారికి నా విన్నపము. శాలువలకు, జ్ఞాపికలకు వెచ్చించు సొమ్ములో కొంత తీసి, ఉగాదికి ఇంటికొక దినచర్య పుస్తకము నిండు. తిథి తెలుగున నుండవలెను. దినమునకు నాలుగే గీతలు. అడుగున ఖాళీ స్థలము. గీతలు ఎడముగ వేయింపుడు. అవ్వల చూపునకును, చిన్నపిల్లల చేతికిని అదియే అనుకూలము.