‘గిడుగు – వాడుక భాష’ సరే.. అసలు గొడవేంటి?

ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో ఏ కోచింగ్ సెంటర్ మెటీరియల్ తిరగేసినా ఈ వరుస కనిపిస్తుంది. వీరేశలింగం – వితంతు వివాహాలు. గురజాడ – కన్యాశుల్కం. గిడుగు – వాడుక భాష. నౌరోజీ – సంపద తరలింపు. ఎడమ పక్క పేరు, కుడి పక్క విషయం. జతపరిస్తే మార్కు వచ్చేస్తుంది. ప్రిలిమ్స్ దాకా దీంతో బండి నడుస్తుంది కూడా. గ్రూప్–1 మెయిన్స్ పేపర్లోనో, ఇంటర్వ్యూ బోర్డు ముందో ‘ఎందుకు?’ అనే ప్రశ్న ఎదురైనప్పుడే అసలు చిక్కు.

ఆధునిక ఆలోచనల చరిత్రను మనం పేర్ల పట్టికలా చదువుతున్నాం. నన్నడిగితే అది గొడవల చరిత్ర. ఎవరో ఒక ప్రశ్న వేస్తారు. దాని మీద రెండు పక్షాలు నిలబడతాయి. ప్రశ్నేంటో, అవతలి పక్షం ఏమందో తెలియకుండా ఇవతలి పేరు ఒక్కటే బట్టీ పడితే మీకు దక్కేది బిట్ మాత్రమే. దీనికి ఉదాహరణల కోసం పారిస్, లండన్ దాకా వెళ్లక్కర్లేదు. విశాఖ చుట్టుపక్కలే కావాల్సినన్ని ఉన్నాయి.

గిడుగు రామమూర్తి సంగతే తీసుకోండి. మెట్రిక్ పాసై 1880లో పర్లాకిమిడి బడిలో టీచరుగా చేరారు. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించిన మనిషి. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లిష్ స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌కి ఒక సందేహం వచ్చింది. తాను పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు ఒకటి, జనం మాట్లాడే తెలుగు ఇంకొకటి. ఎందుకిలా? ఈ ప్రశ్న మన ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌నీ, గురజాడనీ, గిడుగునీ ఒక్కచోటికి చేర్చింది. కొద్ది ఏళ్లకే గొడవ పరీక్ష హాల్లోకి వచ్చేసింది. కాంపోజిషన్ పేపర్లో విద్యార్థి ఏ తెలుగు రాయాలి? అంటే, మన ఆధునిక చరిత్రలో అతి పెద్ద చర్చల్లో ఒకటి మీలాంటి అభ్యర్థుల ఆన్సర్ షీట్ గురించే జరిగింది!

అవతలి పక్షాన్ని మన మెటీరియల్ ఒక్క ముక్కలో తేల్చేస్తుంది: ‘ఛాందసులు’. ఇది అన్యాయం. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టిన జయంతి రామయ్య పంతులు గారి పక్షానికీ ఒక వాదన ఉంది. వాడుక భాష అంటే ఎవరి వాడుక? శ్రీకాకుళం మాటా, గుంటూరు మాటా, కడప మాటా? అందరికీ ఉమ్మడిగా, నన్నయ నాటి నుంచి వస్తున్న ఒక భాష ఉండగా దాన్ని వదులుకోవడం దేనికి? ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఇవాళ్టికీ సినిమా డైలాగుల మీద, న్యూస్ రీడర్ల యాస మీద మనం వాదించుకునేది దీని గురించే కదా.

గిడుగు జవాబు చమత్కారంగా ఉంటుంది. గ్రాంథికమే గొప్పదంటున్న పండితుల రాతలే తీసి, అందులో వాళ్ల సొంత వ్యాకరణం ప్రకారమే ఎన్ని తప్పులున్నాయో చూపించారు. పండితులే తప్పు లేకుండా రాయలేని భాషలో పదహారేళ్ల కుర్రాడు పరీక్ష ఎలా రాస్తాడు? గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం సమర్పించారు. అయినా అప్పట్లో గెలిచింది గ్రాంథికమే. గిడుగు 1940లో కన్నుమూశారు. ఆ తర్వాత కూడా విశ్వవిద్యాలయాలు పూర్తిగా తలుపులు తీయడానికి దశాబ్దాలు పట్టింది. ఇవాళ మీరు మెయిన్స్ జవాబులు మామూలు తెలుగులో రాయగలుగుతున్నారంటే ఆ వెనక ఇంత కథ ఉంది.

కన్యాశుల్కం విషయంలోనూ అంతే. గిరీశం, మధురవాణి అందరికీ తెలుసు. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లిష్‌లో రాసిన ముందుమాట ఎంతమంది చూశారు? విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల లెక్క అందులో ఉంది: 1,034. ఏడాదికి సగటున 344. పెళ్లికూతుళ్లలో ఏడాది వయసు పసిపిల్లలూ ఉన్నారు. ‘ఇది దురాచారం’ అని ఊరుకోకుండా, ఎంత జరుగుతోందో లెక్క తీసి ముందు పెట్టడం.. ఆధునికత అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

ఇక నౌరోజీ. బిట్లలో ఇది బాగా గజిబిజి అయ్యే చోటు. ఇంగ్లండ్‌కి పోయే జీతాలు, పింఛన్లు, పాలనా ఖర్చుల రూపంలో దేశ సంపద తిరిగి రాకుండా తరలిపోతోందన్నది నౌరోజీ లెక్క. ముడిసరుకు పంపి తయారైన సరుకు కొనుక్కునే దేశం బాగుపడదు, పరిశ్రమలు పెట్టుకోవాలి అన్నది రానడే గట్టిగా చెప్పిన మాట. ఈ రెండో వాదన కళ్లారా చూడాలంటే విశాఖ పోర్టు చాలు. బైలదిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ లైను మీదుగా వచ్చి జపాన్‌కి ఓడలెక్కింది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ జనం, ముఖ్యంగా విద్యార్థులు రోడ్డెక్కారు. నవంబర్ 1న విశాఖలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అవతల సేలం, హోస్పేట వాళ్లూ తమకే కావాలన్నారు. చివరికి 1970లో మూడింటినీ కలిపి ప్రకటించారు. 1971 జనవరి 20న ఇక్కడ శంకుస్థాపన జరిగింది. సొంత ఇనుప గనులు లేకుండానే పుట్టిన ఆ ప్లాంటు మీద 2021లో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చాక చర్చ మళ్లీ మొదలైంది. ప్రభుత్వరంగం ఎందుకు, ఎంతవరకు అన్న పాత ప్రశ్నే ఇది. మీరు ఏ పక్షమైనా కావచ్చు. రెండో పక్షం వాదన కూడా చెప్పగలిగితేనే బోర్డు ముందు నిలబడతారు.

‘మాది ఆర్ట్స్ కాదు, డేటా సైన్స్’ అనేవాళ్లకి సి.ఆర్. రావు. ఏవీఎన్ కాలేజీలో, ఆ తర్వాత ఏయూలో గణితం చదివారు. 1940లో పట్టా చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్తే అదీ దక్కలేదు. అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విని 1941లో చేరారు. తర్వాత ఓ రోజు క్లాసులో ఫిషర్ సూత్రం చెబుతున్నారు. అది పెద్ద శాంపిళ్లకు సంబంధించినది. ‘చిన్న శాంపిల్‌కి నిరూపించలేమా?’ అని ఒక విద్యార్థి అడిగాడు. పేరు దండేకర్. ఆ ప్రశ్నకి జవాబు వెతికితే వచ్చిందే 1945 పేపర్లోని క్రామర్–రావు హద్దు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఆ గీతని ఇవాళ స్టాటిస్టిక్స్ విద్యార్థులంతా చదువుతున్నారు. ఆయనకి 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది.

మొదలుపెట్టడానికి కొత్త పుస్తకాలు కొననక్కర్లేదు. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో మీలో చాలామంది రోజూ కూర్చుంటూనే ఉన్నారు. కరెంట్ అఫైర్స్ పక్కన పెట్టి వారానికి ఒక గంట చాలు. మెటీరియల్‌లోంచి ఒక బిట్ తీసుకోండి. ‘ఇతను ఎవరితో వాదిస్తున్నాడు?’ అని పక్కన రాయండి. ముందు ఆ ఎదుటివాడి మాట చదవండి. గిడుగు కంటే ముందు జయంతి రామయ్య పంతులు అన్నమాట.