గుండీ పెట్టుకోవడమూ చదువే

నాలుగేళ్ల కొడుకును వెంటబెట్టుకుని ఒక తల్లి నగరంలోని ఒక థెరపీ కేంద్రానికి వెళ్ళింది. బాబుకు ఇంకా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. అక్కడివారు ఆటిజం అని చెప్పి, ఇంట్లో ఉర్దూ మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడాలని సూచించారు. ఆ తల్లికి ఇంగ్లీషు రాదు. దానితో ఆమె బిడ్డతో మాట్లాడడమే మానేసింది. ‘కమ్’, ‘సిట్’, ‘వాటర్’ అనే మూడు ముక్కలు తప్ప ఆరు నెలలపాటు ఆ పిల్లవాడి చెవిన తల్లి మాట పడలేదు. ఇటువంటి ఇళ్ళు మాకు మరికొన్ని తెలుసు.

ఈ సలహా తప్పని మేము నిష్కర్షగా చెబుతున్నాం. రెండు భాషల మధ్య పెరిగే ఆటిజం పిల్లలను, ఒకే భాష వినే ఆటిజం పిల్లలను పోల్చి చూసిన పరిశోధనల్లో రెండో భాష వల్ల మాట వెనుకబడిందని తేలలేదు. పైగా లాలించడానికీ, మందలించడానికీ, ఆడించడానికీ తల్లికి తన భాష కావాలి. తెలంగాణ 2017లో రాష్ట్రమంతటికీ, ఆంధ్రప్రదేశ్ 2022లో, ఉర్దూను రెండో అధికార భాషగా చట్టం చేశాయి. ఆ గౌరవం కార్యాలయాల బోర్డుల దగ్గరే ఆగిపోరాదు. బిడ్డకు ఎలా నేర్పాలో తల్లికి వివరించే కాగితం ఉర్దూలో ఉండాలి. తెలుగే ఇంటి భాషగా ఉన్న మన కుటుంబాలకు తెలుగులో ఉండాలి.

ఇక మన ఇళ్ళ సంగతి. ఏడాది నిండినా వేలు పెట్టి చూపించని బిడ్డను, పదహారు నెలలకు ఒక్క మాటైనా రాని బిడ్డను, వచ్చిన మాటలు పోగొట్టుకున్న బిడ్డను వెంటనే పరీక్ష చేయించాలి. కానీ ‘మగపిల్లలకు మాట ఆలస్యమే, వాళ్ళ చాచా కూడా ఐదేళ్లకు మాట్లాడాడు’ అంటూ పెద్దలు ఏళ్లు గడిపేస్తారు. నజర్ తగిలిందని దువా చేయించుకునేవారు చేయించుకోవచ్చు. అది డాక్టరు దగ్గరకు వెళ్ళడానికి అడ్డు కారాదు. ఆడపిల్లల విషయంలో జాప్యం మరీ ఎక్కువ. మూలన మౌనంగా కూర్చున్న పిల్లను బుద్ధిమంతురాలని మెచ్చుకుంటాం.

పరీక్ష అయ్యాక కుటుంబాల ఆశంతా మాట మీదే ఉంటుంది. మాట ముఖ్యమే. అయితే ఏడేళ్ల పిల్లవాడికి నానమ్మ ముద్దలు కలిపి పెడుతూ, ఫుప్ఫీ చొక్కా తొడుగుతూ, తల్లి కడుగుతూ ఉంటే, వాడు పదిహేడేళ్ల వాడయ్యాక ఆ పనులు ఎవరు చేస్తారు? ఉమ్మడి కుటుంబం మనకు పెద్ద అండ. ఆ అండే ఒక్కోసారి బిడ్డ చేతికి పని లేకుండా చేస్తుంది.

నేర్పడం కష్టమే కానీ దానికి ఒక పద్ధతి ఉంది. పైజామా వేసుకోవడాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టాలి. మొదటి మెట్లన్నీ తల్లే చేసి, మోకాళ్ల దాకా వచ్చిన పైజామాను నడుము వరకు లాక్కునే చివరి మెట్టును మాత్రం బిడ్డకు వదలాలి. పని తానే ముగించానన్న సంతోషం ప్రతిసారీ వాడికి దక్కుతుంది. అది వచ్చాక దానికి ముందరి మెట్టు, ఆపైన దానికి ముందరిది. గుండీలకూ ఇదే దారి. మొదట పెద్ద గుండీలు, పెద్ద కాజాలు. నోట మాట లేని పిల్లలకు బాత్‌రూమ్ తలుపు మీద వరసగా అంటించిన ఫోటోలు సాయపడతాయి. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు మార్పు లేని క్రమం ఎంతో ఊరటనిస్తుంది. అందుకే మేము చూసిన ఒక ఇంట్లో ఏ పనీ ఒంటపట్టని పిల్లవాడు, రోజూ అదే వరసలో సాగే వజూను తాతను చూసి ముందుగా నేర్చుకున్నాడు. ముఖం కడుక్కోవడం దాని వెనకే వచ్చింది. పేస్టు మంటకు, చొక్కా కాలరు లోపలి లేబులుకు, మిక్సీ చప్పుడుకు బిడ్డ ఏడిస్తే అది మొండితనం కాదు, భరించలేకపోవడం. లేబులు కత్తిరించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇదంతా తల్లి ఒక్కతే మోయాలా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజంను గుర్తించింది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు అన్నది. సాయం అన్నింటికంటే ఎక్కువగా పనిచేసే తొలి ఆరేళ్లు ఆ హక్కుకు బయటే ఉండిపోయాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వెళ్ళి, లోపం కనిపించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. గోల చేస్తాడని అంగన్‌వాడీకే పంపని బిడ్డ ఆ బృందం కంట పడడు. కేంద్ర ప్రభుత్వం 2021లో సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలోనూ, నెల్లూరులోనూ అన్ని వైకల్యాలకూ కలిపి సత్వర చికిత్సా కేంద్రాలు తెరిచింది. మంచిదే. ఆదోనిలోని ఒక కూలి కుటుంబం వారానికి రెండుసార్లు నెల్లూరు వెళ్ళగలదా?

మేము అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. మండలాల్లోని భవిత కేంద్రాల తలుపులు ఆరేళ్ల లోపు పిల్లలకు కూడా తెరవాలి. అక్కడ తల్లిదండ్రులకు నెలకొకసారైనా వారి భాషలో శిక్షణ ఇవ్వాలి. తండ్రులను కూడా పిలవాలి, ఎందుకంటే ఇప్పుడు ఆ కుర్చీల్లో తల్లులే కనిపిస్తున్నారు. మన వైపు నుంచి కమిటీలు, యువజన సంఘాలు బస్తీలో ఇటువంటి పిల్లలు ఎందరున్నారో జాబితా రాసి, సదరం సర్టిఫికెట్ల కోసం వెంట నడవాలి. ఆ సర్టిఫికెట్ ఉంటే నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయవచ్చు. ఈ నెల మీ వీధి అంగన్‌వాడీకి వెళ్ళి వైద్య బృందం ఏ తేదీన వస్తుందో కనుక్కోండి. ఆ రోజు మీ బిడ్డనే కాదు, పక్కింట్లో తలుపు వెనుక ఉన్న బిడ్డను కూడా తీసుకుని వెళ్ళండి.