వెళ్లరాదు సరే... ఎక్కడ? ఎప్పటిదాకా?

బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందంటే చాలు, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఒకటే మాట వినిపిస్తుంది: మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. ఆటోకు మైకు కట్టి ఊరూరా తిప్పుతారు. ఫోన్లకు సందేశాలు పంపుతారు. దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరానికి ఒక్కటే వాక్యం. బారువలో కెరటాలు విరుచుకుపడుతున్న రోజున నిజాంపట్నంలో సముద్రం చెరువులా ఉండొచ్చు. అయినా రెండుచోట్లా పడవలు ఒడ్డునే. ఇంతకుమించి చెప్పడానికి అధికారుల దగ్గర సమాచారమే లేకపోతే అర్థం చేసుకోవచ్చు. కానీ ఉంది. ఉండీ వాడుకోకపోవడాన్ని మేం పాలనా వైఫల్యమనే అంటాం.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, హైదరాబాద్ ప్రగతినగర్‌లో భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఉంది. ఇన్‌కాయిస్ అంటే తీరంలో చాలామందికి తెలుసు. 1999లో మొదలైన ఈ సంస్థ కంప్యూటర్లు సముద్రాన్ని గళ్లుగళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి నీటిని ఎంత తోస్తోంది, నీటి వేడి ఎంత, ఉప్పదనం ఎంత, ప్రవాహం ఎటు అన్నది లెక్కగడతాయి. పక్క గడిలో మార్పు ఈ గడిని ఎలా కదిలిస్తుందో మళ్లీ లెక్క. ఈ లెక్కలన్నీ కూడితే రాబోయే రోజుల్లో ఏ రేవు దగ్గర అల ఎంత ఎత్తు లేస్తుందో, ఎటునుంచి వస్తుందో తేలుతుంది. అవును, రేవుల వారీగానే తేలుతుంది. ఆ సమాచారం జిల్లా కార్యాలయం దాటి మైకులోకి వచ్చేసరికి ‘వెళ్లరాదు’ అన్న ఒక్క ముక్కే మిగులుతోంది.

ఈ లెక్కల మీద అనుమానం ఉన్నవారు కేరళ తీరం వైపు చూడాలి. అక్కడి మత్స్యకారులు ‘కల్లక్కడల్’ అంటారు, దొంగలా వచ్చిపడే సముద్రమని. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఆకు కదిలేంత గాలి ఉండదు. వేల కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రం దక్షిణ కొసన ఎప్పుడో రేగిన తుపాను లేపిన అలలు రోజుల తరబడి నడిచొచ్చి ఒడ్డున ఇళ్లలోకి దూరతాయి. తాతల నాటి నుంచి సంద్రాన్ని చదివిన కంటికి కూడా ఇది ముందుగా ఆనదు. కంప్యూటర్‌కు ఆనుతోంది. 2024 మే నెలలో ఈ ఉబ్బు అలల హెచ్చరిక ముందుగానే వెలువడింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసినప్పుడు ఇలాంటి లెక్క మన చేతిలో లేదు. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10 వేల ప్రాణాలు పోయాయి. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను చిన్నాభిన్నం చేసినా మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఈ తేడా తెచ్చిన విజ్ఞానం మీద మాకు గౌరవం ఉంది. దాన్ని చేరవేస్తున్న తీరు మీదే మా ఫిర్యాదు.

అల ఎత్తు సంగతే తీసుకోండి. ముందస్తు సూచనల్లో ‘2.5 మీటర్లు’ అని కనిపించే అంకె సాధారణంగా ఆ రోజు లేచే అతి పెద్ద అలది కాదు. అలలన్నిటిలో పెద్దవైన మూడో వంతును తీసుకుని, వాటి ఎత్తుకు కట్టిన సగటు. సముద్ర శాస్త్రంలో అది సరైన కొలమానమే. అయితే అలాంటి సముద్రంలోనే దాదాపు 5 మీటర్ల కెరటం ఒకటి లేచే వీలుంది. ఫైబర్ బోటులో నిలబడ్డ మనిషిని సముద్రంలోకి విసిరేది ఆ ఒక్క కెరటమే. సందేశం చదివినవాడు రెండున్నర మీటర్లంటే రెండున్నరే అనుకుంటాడు, బోటు తట్టుకుంటుందిలే అని లంగరు ఎత్తుతాడు. ఆ అంకె పక్కన ‘దీనికి రెట్టింపు కెరటం రావచ్చు’ అని తెలుగులో రాయడానికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు.

ఇక మొగ. నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేట వేస్తుంది. లోతు తగ్గినచోట అల నిలువుగా లేచి విరుగుతుంది. నడిసంద్రంలో రాత్రంతా నిలిచిన పడవ, తెల్లారి ఇంటికొస్తూ మొగలో బోల్తా పడడం గురించి తీరంలో ఎవరినడిగినా చెబుతారు. కంప్యూటర్ అక్కడి అలను సరిగ్గా చెప్పాలంటే అడుగున లోతెంతో దానికి తెలియాలి. వరదకోసారి మేట జరుగుతుంది, లోతు మారుతుంది. పాత లోతులతో కట్టిన లెక్క ప్రాణం మీదకు తెస్తుంది. ఏటా వరదలు తగ్గాక మన మొగలన్నిటి లోతూ కొలిపించి ఆ వివరాలు ఇన్‌కాయిస్‌కు అందించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. ఒక్కో మొగకు ఓ పడవ, ఓ లోతు కొలిచే పరికరం, కొద్ది రోజుల పని చాలు. ఖర్చు సాకు చెల్లదు.

లోతు సంద్రం లెక్కలకూ ఇలాంటి కొలతలే ఆధారం. ప్రపంచ సముద్రాల్లో 4 వేలకు దగ్గరగా ఆర్గో అనే తేలే గొట్టాలు పదేసి రోజులకోసారి 2 వేల మీటర్ల లోతు నుంచి పైకొచ్చి వేడినీ ఉప్పదనాన్నీ ఉపగ్రహానికి చెబుతాయి. బంగాళాఖాతంలో లంగరేసిన బోయాలు కూడా గాలినీ అలనూ కొలుస్తాయి. వాటి చుట్టూ చేపలు చేరతాయని కొందరు పడవలు కట్టేస్తారు, కొందరు సౌర ఫలకాలు పీక్కుపోతారు. మత్స్యకార పెద్దలకు గట్టిగానే చెబుతున్నాం: బోయాను చెరిపినవాడు తన వీధిలోని ఆడవాళ్ల పసుపు కుంకుమలతో ఆడుకుంటున్నాడు. కులపెద్దల సభలో దీన్ని నేరంగా ప్రకటించండి.

2017లో ఓఖీ ఒక్క రోజులో వాయుగుండం నుంచి తుపానుగా మారినప్పుడు, అప్పటికే లోతు సంద్రానికి వెళ్లిన కేరళ, కన్యాకుమారి పడవలకు కబురు అందలేదు. ఫోన్ సిగ్నల్ తీరం దాటి కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. ఇప్పుడు రూ.364 కోట్లతో లక్ష పడవలకు ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం ఉంది. మంచిదే. కానీ ఆ పెట్టె మోసుకెళ్లేది కూడా అదే ఒక్క ముక్క హెచ్చరికైతే లాభమేంటి?

అన్నిటికంటే పెద్ద నష్టం నమ్మకానిది. నాలుగుసార్లు వెళ్లరాదన్నారు, నాలుగుసార్లూ ఇంటి ముందు సముద్రం నిమ్మళంగానే ఉంది. డీజిలు అప్పు, ఐసు అప్పు అలాగే ఉన్నాయి. అయిదోసారి మత్స్యకారుడు వెళతాడు. అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికుంది? వేట నిషేధం ఉండే 61 రోజులకు ప్రభుత్వం భృతి ఇస్తోంది. హెచ్చరిక పేరుతో ఆపిన ప్రతి రోజుకూ అదే లెక్కన ఇవ్వాలి. అప్పుడు అధికారులు కూడా తీరమంతటినీ ఒకే గాటన కట్టే ముందు ఏ రేవును ఆపాలి, ఏ రేవును వదలాలి అని ఆ ముందస్తు లెక్కలు తెరిచి చూస్తారు.

ప్రతి రేవులో ఒక బోర్డు పెట్టండి. ఒక గడిలో నిన్నటికి చెప్పిన అల ఎత్తు, పక్క గడిలో దగ్గరి బోయా నిన్న కొలిచిన ఎత్తు. తప్పితే తప్పిందని కనబడాలి, ఒప్పితే ఒప్పిందని కనబడాలి. జూన్ 14 అర్ధరాత్రితో వేట నిషేధం ముగుస్తుంది. మరబోట్లు మొగ దాటే ఆ తెల్లవారుజాముకల్లా అంకెలు రాసిన బోర్డులు సిద్ధంగా ఉండాలి.