హుక్ మోజు

మొన్న మంగళవారం రాత్రి బౌలింగ్ లీగ్ ముగిశాక బూట్లు విప్పుకుంటుంటే మా జట్టు కుర్రాడొకడు పక్కన వచ్చి కూర్చున్నాడు. ఫోన్ నా ముందు పెట్టాడు. తెర మీద ఎరుపూ నలుపూ కలిసిన కొత్త బంతి. "అన్నా, ఈ ఏడాది దీన్ని మించి హుక్ అయ్యే బాల్ లేదంట. డ్రిల్లింగ్‌తో కలిపి రెండొందల నలభై డాలర్లు. తీసేసుకోమంటావా?" అన్నాడు. ఆ రాత్రి మూడు ఆటల్లో ఆరుసార్లు అతనికి కుడిమూల పదో పిన్ను మిగిలిపోయింది. ఆరింటిలో ఒక్కటి కూడా రెండో బంతికి పడలేదు.

"వద్దు" అన్నాను. ఎందుకు వద్దో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

డాలస్ చుట్టుపక్కల ఆఫీసు లీగుల్లో ఆడే మనవాళ్లలో ఒక నమ్మకం వేళ్లూనుకుపోయింది. బంతి ఎంత హుక్ అయితే, అంటే చివర్లో ఎంత వంపు తిరిగితే, అంత ఎక్కువ పిన్నులు పడతాయని, అందుకని జేబు ఓర్చుకున్నంత మేరకు గట్టి బంతి, అంటే బాగా హుక్ అయ్యే బంతి, కొనుక్కోవాలని. మనవాళ్లే కాదు, అమెరికన్లలోనూ సగంమంది ఇదే అంటారు, దుకాణాల గోడల మీదా ఇదే రాసి ఉంటుంది. ఈ మాట తప్పు. కొత్తగా ఆట పట్టుకున్నవాడి డబ్బునూ ఉత్సాహాన్నీ పాడుచేస్తోంది కనుక, తప్పని గట్టిగానే చెప్పాలి.

ముందు లేన్ సంగతి చూద్దాం. బంతి వదిలే ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. అడ్డంగా 39 పలకలు. ఇందులో మామూలుగా మొదటి 40 అడుగుల మేర మాత్రమే నూనె పూస్తారు, చివరి 20 అడుగులు పొడిగా వదిలేస్తారు. మామూలు రోజుల్లో ఒక లేన్‌కి పట్టే నూనె పాతిక మిల్లీలీటర్ల చుట్టుపక్కల, అంటే ఐదు టీ చెంచాలు. ఇంట్లో నలుగురికి పప్పు తాలింపు పెడితే దాదాపు అంత అవుతుంది. నలభై అడుగుల లేన్ మీద అంత పలచగా పరుచుకున్న ఆ పొరే ఆటనంతా నడిపిస్తుంది. అది కంటికి కనపడదు. కనపడనిదాని గురించి ఎవరూ అడగరు, కనపడే బంతి గురించి అందరూ అడుగుతారు.

పైగా ఆ నూనెను అంతటా సమంగా పూయరు. లీగులకు పూసే మామూలు పద్ధతిలో నడుమ దట్టంగా, రెండు అంచుల వైపూ చాలా పలచగా ఉంటుంది. కుడిచేతివాడు గురి తప్పి బంతిని కాస్త కుడికి వేశాడనుకోండి, అక్కడ పొడి తగిలి అది మళ్లీ లోపలికి తిరుగుతుంది. ఎడమకు వేశాడనుకోండి, దట్టమైన నూనె మీద తిరగకుండా జారి అక్కడికే చేరుతుంది. రెండు తప్పుల్నీ లేనే సర్దిపెడుతుంది. ఈ ఉపకారం నూనెది. కొత్త బంతి కొన్న మొదటి వారం ఇది బంతి గొప్పతనమని మనవాడు నమ్ముతాడు. అదే బంతిని టోర్నమెంట్లలో వాడే సమమైన నూనె మీద వేసి చూడమనండి, అప్పుడు తెలుస్తుంది ఎవరి పని ఎవరు చేస్తున్నారో.

ఇక బంతి నడక. చేతిలోంచి వదిలాక అది మొదట జారుతుంది, తర్వాత తిరుగుతుంది, చివరికి నేరుగా దొర్లుతుంది. జారుతూ దాచుకున్న శక్తిని తిరిగేటప్పుడు ఖర్చు పెడుతుంది. ఖర్చు మధ్యదారిలోనే అయిపోతే పిన్నుల దగ్గరికి వచ్చేసరికి దానిలో ఏమీ మిగలదు. దీన్ని కళ్లారా చూడొచ్చు. ఈసారి పదో పిన్ను మిగిలినప్పుడు దాని ముందు నిలబడే ఆరో పిన్నును గమనించండి. బంతిలో సత్తువ ఉంటే ఆరో పిన్ను ఎగిరి పదో దాన్ని తాకుతుంది, లేదా దాని మెడ చుట్టూ తిరిగి వెళ్తుంది. సత్తువ లేకపోతే పక్క గాడిలోకి వాలి మెల్లగా పడుకుంటుంది. పదో పిన్ను అలాగే నిలబడి ఉంటుంది. మా కుర్రాడి ఆరింటిలో నేను చూసిన నాలుగుసార్లు జరిగింది ఇదే. అతని బంతి ముందే తిరిగేసి అలసిపోతోంది. దానికి మందుగా ఇంకా ముందే తిరిగే బంతి కొనబోతున్నాడు.

ఈ తప్పు నేనూ చేశాను. ఆరేళ్ల కిందట ఒక దుకాణంలో అలాంటి బంతే కొన్నాను. అమ్మినాయన నా వేళ్ల కొలత తీసుకున్నాడు, కార్డు తీసుకున్నాడు. ఎక్కడ ఆడతావని అడగలేదు. ఒక్క బంతి వేసి చూపించమని కూడా అడగలేదు. ఆ సీజన్‌లో నా సగటు 158 నుంచి 147కి దిగింది. లోపం చేతిదేననుకుని రెండు నెలలు మణికట్టు నొప్పెట్టేదాకా సాధన చేశాను. చివరికి ఒక పెద్దాయన బంతి మీద తెల్ల టేపు ముక్క అంటించి, ఫోన్‌లో నెమ్మది వీడియో తీసి, టేపు ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టి చూపించాడు. నిమిషానికి మూడు వందల చుట్టూ తిరుగుతోంది. స్కోరు తెర మీద వేగం చూస్తే గంటకు 14 మైళ్లే. నాది నెమ్మది చేయి, తిప్పుడు ఎక్కువ. అలాంటి చేతికి ముందే పట్టేసే బంతి ఇస్తే ఇంకేమవుతుంది? ఆ లెక్కకు ఐదు నిమిషాలు పట్టింది, టేపు తప్ప ఖర్చు లేదు. కొనకముందే ఎవరైనా ఆ ఐదు నిమిషాలు కేటాయించాల్సింది.

అవతలివాళ్లు దీనికి చెప్పే జవాబు నాకు తెలుసు. ఆట చరిత్రను మార్చింది బంతులే కదా అంటారు, 1973లో ప్రొఫెషనల్ బౌలర్ డాన్ మెక్‌క్యూన్‌ను చూపిస్తారు. నిజమే. ఆయన ప్లాస్టిక్ బంతుల్ని రసాయనంలో నానబెట్టి పైపొర మెత్తబరిచాడు, ఆ ఒక్క ఏడాదే ఆరు టైటిళ్లు గెలిచాడు, ఆ దెబ్బతో బంతి పైపొర గట్టిదనానికి కనీస హద్దు పెట్టాల్సి వచ్చింది. కానీ ఆయన బంతిని ఎందుకు నానబెట్టాడు? అప్పటికి లేన్ల మీద పూతలు గట్టిపడి బంతులు పట్టు లేకుండా జారిపోతున్నాయి. ఆయన ముందు లేన్‌ను చదివాడు, తర్వాతే బంతిని దానికి తగ్గట్టు మార్చుకున్నాడు. నా వాదనకు ఇంతకన్నా పెద్ద సాక్షి లేడు.

గెలిచినవాళ్లందరికీ ఒకే రకం బంతి పనికొచ్చిందా అంటే అదీ లేదు. ప్రొఫెషనల్ బౌలర్లు ఆడే పీబీఏ టూర్‌లో అందరికన్నా ఎక్కువగా 47 టైటిళ్లు గెలిచిన వాల్టర్ రే విలియమ్స్ జూనియర్ పెద్దగా హుక్ లేకుండా, దాదాపు నేరుగా వేసేవాడు. గుర్రపు నాడా విసిరే ఆటలోనూ ఆయన ప్రపంచ విజేత, గురి ఆయన ఆస్తి. ఇటు చూస్తే ఆస్ట్రేలియాకు చెందిన జేసన్ బెల్మోంటీ రెండు చేతులతో సుడిగాలిలా తిప్పి వేసి 15 మేజర్ టైటిళ్లు గెలిచాడు. వీళ్ల బంతులు మార్చి ఇస్తే ఇద్దరూ ఇబ్బంది పడతారు. తైవాన్‌లో ఇంకో దారి పుట్టింది. అక్కడి పాత లేన్లు నూనె సరిగా లేక పొడిబారి ఉండేవి. వంపు నమ్ముకుంటే పని కాదని, 16 పౌండ్ల దాకా అనుమతి ఉన్నా 10 నుంచి 12 పౌండ్ల తేలిక బంతి పట్టుకుని, బొంగరంలా నిలువుగా తిప్పుతూ వేయడం నేర్చుకున్నారు. హెలికాప్టర్ అంటారు దాన్ని. ఆ బంతికి హుక్ లేదు. తిరుగుతూ వచ్చి మొదటి పిన్నును తాకి పక్కకు తొలగుతుంది, పిన్నులు ఒకదాన్నొకటి పడగొట్టుకుంటాయి.

గట్టి బంతి ఎవరికీ వద్దని నేననను. వేగం ఎక్కువై తిప్పుడు తక్కువైనవాడికి అది కావాలి. నూనె దట్టంగా, పొడవుగా పూసిన లేన్ మీదా కావాలి. అక్కడ తక్కువ హుక్ అయ్యే బంతి పిన్నుల దాకా జారుతూనే పోతుంది. కానీ అలాంటి లేన్ మన మంగళవారం లీగ్‌లో ఎప్పుడొచ్చింది?

ఇంకో సంగతి దుకాణాల్లో తక్కువగా వినపడుతుంది. మాకు దగ్గర్లోని ఆర్లింగ్టన్‌లో ప్రధాన కార్యాలయమున్న యూఎస్ బౌలింగ్ కాంగ్రెస్ బంతి నడక మీద పరిశోధన చేయించినప్పుడు, అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపిన అంశాల్లో ముందున్నది బంతి పైపొర గరుకుదనం. లోపలి దిమ్మ ఆకారం గురించి ప్రకటనలు ఎంత చెప్పినా, అసలు సంగతి చర్మంలో ఉంది. ఆ చర్మాన్ని మనమే మార్చుకోవచ్చు. 500 నంబరు ప్యాడ్‌తో రుద్దితే గరుకై ముందే పట్టుకుంటుంది, 3000తో రుద్దితే ఇంకాస్త దూరం జారి తిరుగుతుంది. ప్యాడ్ ఖరీదు కొన్ని డాలర్లు. హుక్ కోసం చేసే రియాక్టివ్ బంతి నూనె పీల్చుకుంటుంది కూడా. వేసే ప్రతిసారీ తువ్వాలుతో తుడవనివాడు, ఆట అయ్యాక శుభ్రం చేయనివాడు ఆరు నెలలకే "బాల్ చచ్చిపోయింది" అని కొత్తది కొంటాడు. తుడిచి ఉంటే అది బతికే ఉండేది.

అన్నిటికన్నా నన్ను బాధించేది స్పేర్ల మీద, అంటే మొదటి బంతికి మిగిలిన పిన్నుల్ని రెండో బంతికి తీయడం మీద, నిర్లక్ష్యం. ఒక లెక్క వేద్దాం. ఒక్క స్ట్రైక్ కూడా పడకుండా, ప్రతి ఫ్రేమ్‌లో మొదట తొమ్మిది పడగొట్టి మిగిలిన ఒక్క పిన్నునూ తీసేస్తే, చివరి అదనపు బంతికీ తొమ్మిదే పడితే, స్కోరు 190. అదే ఒక్క పిన్నును ప్రతిసారీ వదిలేస్తే 90. నూరు పిన్నుల తేడాకు హుక్‌తో సంబంధం లేదు. నిజానికి హుక్ అడ్డం. మూలనున్న పదో పిన్ను వైపు వేసిన గట్టి బంతి చివర్లో పొడి తగలగానే ఎడమకు మళ్లి దాన్ని తాకకుండా పోతుంది. దీనికి కావలసింది మెరుగుపెట్టిన ప్లాస్టిక్ బంతి. అది నూనెను పట్టించుకోదు, వేసిన చోటికి వెళ్తుంది. కొత్త రియాక్టివ్ బంతి ధరలో సగం కూడా ఉండదు.

తమ్ముడూ, వదిలేసిన ఆ ఆరు పదో పిన్నులు తీసి ఉంటే నీకు మూడు ఆటల్లో దాదాపు అరవై పిన్నులు కలిసేవి. రెండొందల నలభై డాలర్ల బంతి నీకు అంత ఇవ్వదు. వచ్చే మంగళవారం అరగంట ముందు రా, టేపు నేను తెస్తాను. నీ దగ్గరున్న బంతిని నేర్పుగా రుద్దుకుందాం. ఆ తర్వాత ఒక ప్లాస్టిక్ బంతి కొను, బొటనవేలు బిగుసుకోకుండా, జారకుండా తూట్లు వేయించుకో. సంక్రాంతి దాకా వారానికి యాభైసార్లు పదో పిన్ను మీదే వెయ్యి. అప్పటికీ కొత్త బంతి కావాలనిపిస్తే దుకాణానికి నేనే తీసుకెళ్తాను.