కంట్లో లెన్సు... బయట వడగాడ్పు

మే నెల వచ్చిందంటే అద్దంకిలో పొద్దున పదింటికే ఎండ మాడ్చేస్తుంది. రోడ్డెక్కితే దుమ్ము, వడగాడ్పు కలిసి ముఖాన కొడతాయి. మామూలు కళ్లే మండే ఈ రోజుల్లో కాంటాక్టు లెన్సులు వాడేవాళ్ల అవస్థ ఇంకా ఎక్కువ. మధ్యాహ్నానికి కంట్లో ఇసుక పడ్డట్టు గరగర. సాయంత్రానికి ఎరుపు. ఆవకాయలు పెట్టేదీ, పెళ్లిళ్లు జరిగేదీ ఈ ఎండల్లోనే. కాస్త తెలుసుకుని మసలుకుంటే లెన్సులు మానాల్సిన పనిలేదు. 'ఓర్చుకుంటే అదే పోతుంది' అనుకుంటేనే ప్రమాదం.

ఎండకు కరుగుతుందా?

పొయ్యి దగ్గరకెళ్తే లెన్సు కరిగి కంటికి అతుక్కుంటుందని చాలా ఇళ్లలో భయం. అది నిజం కాదు. ఇబ్బందంతా పొడిగాలితోనే. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాకు రక్తనాళాలు ఉండవు. దానికి ప్రాణవాయువు చాలావరకు గాలి నుంచి, కన్నీటి ద్వారానే అందుతుంది. లెన్సు పెట్టగానే ఆ కన్నీటి పొర రెండుగా చీలుతుంది. లెన్సు పైన మిగిలే పొర పలచన. పొడిగాలికి అది తొందరగా ఆరిపోతుంది. లెన్సులోని తేమా తగ్గుతుంది. అప్పుడు రెప్ప వేసినప్పుడల్లా ఒరుసుకుంటుంది.

మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. ఫోను, కంప్యూటరు చూస్తున్నప్పుడు అది బాగా తగ్గిపోతుంది. కూలరు, ఏసీ గాలి సూటిగా ముఖానికి తగిలితే ఇక చెప్పక్కర్లేదు.

ఏ లెన్సు మేలు?

నీటి శాతం ఎక్కువున్న లెన్సు ఎండలకు మంచిదనిపిస్తుంది. కానీ పొడిగాలికి ఆరిపోయే గుణమూ వాటికే ఎక్కువ. 1990ల చివర్లో వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు ప్రాణవాయువును బాగా పోనిస్తాయి. ఏ రోజుకారోజు పారేసే లెన్సులైతే దుమ్ము, మురికి పేరుకునే బాధ ఉండదు. మీ కంటికి ఏది నప్పుతుందో డాక్టరు పరీక్షించి చెప్పాలి.

* బండి మీద వెళ్తే హెల్మెట్ అద్దం దించుకోండి. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చలవ కళ్లద్దాలు పెట్టుకోండి.
* కళ్లు పొడిబారితే లెన్సులతో వాడదగ్గ చుక్కల మందును డాక్టరును అడిగి వాడండి. ఎరుపు పోగొట్టే మందులు, స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా కొని వేసుకోవద్దు.
* లెన్సును కుళాయి నీళ్లతో, బోరు నీళ్లతో, మినరల్ వాటరుతో కడగకూడదు. అకాంతమీబా అనే సూక్ష్మజీవి నీళ్లలో ఉంటుంది. అది కార్నియాకు సోకితే నయం చేయడం చాలా కష్టం. స్నానానికీ, ఈతకూ ముందే లెన్సులు తీసేయండి.
* డబ్బాలోని పాత ద్రావణానికి కొత్తది కలపొద్దు. ఏ రోజుకారోజు పారబోసి కొత్తది పోయండి. సీసాను ఎండలో నిలిపిన కారులో, బండి డిక్కీలో వదిలేయొద్దు.
* లెన్సులతో నిద్ర వద్దు. మధ్యాహ్నం కునుకైనా సరే, తీసి పడుకోండి.

కారం చేతులు

మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఆవకాయ కలిపిన చేతులు ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా కంటికి తగిలితే భగ్గుమంటుంది. కాయలు తొడిమలు తీసే రోజు, కారం కలిపే రోజు కళ్లద్దాలతోనే ఉండటం మంచిది. తప్పకపోతే లెన్సు పెట్టుకున్నాకే కారం ముట్టండి. తీసే ముందు చేతులకు వంటనూనె రాసి, సబ్బుతో రెండుమూడుసార్లు రుద్ది కడిగి, పొడిగుడ్డతో తుడుచుకోండి. కారం అంటిన లెన్సును కడిగి మళ్లీ పెట్టుకునే బదులు పారేయడమే మేలు. పొలం పనికి లెన్సులు అసలే వద్దు. ఆకో, పొట్టో గుచ్చుకుని బూజు జాతి క్రిములు చేరితే కంట్లో పుండు పడుతుంది.

పెళ్లికూతురికి...

కళ్లద్దాలతో పీటల మీద కూర్చోవడం ఇష్టంలేక చాలామంది పెళ్లికి వారం ముందు లెన్సులు కొంటారు. కనీసం నెల ముందు మొదలుపెట్టి, రోజుకు కొన్ని గంటలుగా అలవాటు చేసుకోవాలి. రాత్రి ముహూర్తమైతే సాయంత్రం నుంచే కాకుండా, అలంకరణకు ముందు పెట్టుకుంటే చాలు. హోమం పొగకు కళ్లు మండితే నలపొద్దు. పెళ్లి తంతు ముగియగానే తీసేయండి. ఫ్యాన్సీ షాపు రంగు లెన్సులు, స్నేహితురాలు వాడినవి ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు. వాటితో ఒకరి కంటి జబ్బు ఇంకొకరికి అంటుతుంది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

లెన్సు తీశాక కూడా నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ... వీటిలో ఏది ఉన్నా అదేరోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఆముదం, చనుబాలు వేయొద్దు. కట్టు కట్టొద్దు. లెన్సునూ డబ్బానూ పారేయకుండా వెంట తీసుకెళ్లండి, క్రిమి ఏదో పరీక్షలో తెలుస్తుంది. స్థానిక డాక్టరు పెద్దాసుపత్రికి వెళ్లమంటే పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ తాడిగడపలోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దూరమేమీ కాదు. కార్నియా పుండు మానినా మచ్చ మిగిలితే చూపు తగ్గిపోతుంది. అందుకే లెన్సులు వాడేవాళ్ల సంచిలో సరైన పవరున్న కళ్లజోడు ఎప్పుడూ ఉండాలి. కన్ను గరగరమన్న రోజు మొహమాటం లేకుండా అదే పెట్టుకోవాలి.