పొరుగింటి కబురు చిన్నదా?

ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరు మంచం పట్టారు, ఎవరి కొట్టం కాలిపోయింది, ఇవి పత్రికలో వేయదగిన వార్తలేనా? పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా పల్లెలు వేయదగినవే అనుకున్నాయి. ఆ మాట సరైనదేనని మేము నమ్ముతున్నాము.

అక్కడి పల్లె వారపత్రికలకు ఊరి కబుర్లే ప్రాణం. 1851 నాటి తపాలా చట్టం పుణ్యమా అని, వారపత్రిక తాను అచ్చయ్యే కౌంటీలోని చందాదారులకు తపాలా ఖర్చు లేకుండా చేరింది. 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు, విస్కాన్సిన్‌లోని బారాబూ అనే ఊళ్ళో కెల్లాగ్ అనే సంపాదకుని దగ్గర పనిచేసే అచ్చు పనివాడు సైన్యంలో చేరాడు. చేతులు చాలక ఆయన ఒకవైపు వేరే ఊళ్ళో అచ్చయిన కాగితాలు తెప్పించి, రెండోవైపు తమ ఊరి సంగతులు వేసుకున్నాడు. తరువాత ఎన్నో పల్లె పత్రికలు అదే దారి పట్టాయి. గమనించండి, లోకం వార్తలు బయటినుండి కొనుక్కోవచ్చు. పొరుగువాని సంగతి మాత్రం పొరుగువాడే రాయాలి.

ఆ కబురు వినగానే చేయవలసిన పని కూడా ఉండేది. కొత్త కొట్టం లేపాలంటే ఇరుగుపొరుగు కలిసి దూలాలెత్తేవారు, ఆడవాళ్ళు అందరికీ వండిపెట్టేవారు. 1896లో పల్లె ఇళ్ళకే ఉత్తరాలు పంచడం మొదలయ్యేదాకా, రైతు ఉత్తరం కోసం పోస్టాఫీసుకు వెళ్ళాల్సిందే. చాలాచోట్ల అది కిరాణా కొట్టులో ఒక మూల. అక్కడ మనిషికి మనిషి ఎదురుపడేవాడు.

అలాగని ఆ కాలమంతా మంచిదేనని మేము అనము. అదే విస్కాన్సిన్ నుండి 1873-74 చలికాలంలో హో-చంక్ ఆదివాసులను సైన్యం నెబ్రాస్కాకు తరలించింది. వారు పొరుగువారు కారా? మనకు నచ్చినవారినే పొరుగువారని లెక్కపెట్టుకుంటే, మంచి సమరయుని ఉపమానం మనం విననట్టే.

ఇక మన సంగతి. మొన్న మా సంఘంలో ఒక పెద్దమ్మ నాలుగు రోజులు జ్వరంతో ఒంటరిగా పడివుంది. మాకు అయిదో రోజున తెలిసింది. ఆ నాలుగు రోజులూ మన ఫోన్లలో దేశదేశాల వార్తలు తిరుగుతూనే ఉన్నాయి. ఆమె ఇల్లు మందిరానికి మూడో ఇల్లు! ఇందులో మొదటి తప్పు మాదే.

కబురు వేరు, కొండెం వేరు. కొండెం మనిషి లేనిచోట తిరుగుతుంది, కబురు మనిషి గుమ్మం దాకా నడిపిస్తుంది. అందుకే ఈ ఆదివారం నుండి ఆరాధన ముగిశాక ఒక మాట అడుగుతాము: ఈ వారం మీరు ఎవరి గుమ్మం తొక్కారు? జవాబు చెప్పలేకపోతే సిగ్గుపడి కూర్చోవద్దు. ఇంటికి వెళ్ళే దారిలో ఒక తలుపు తట్టండి.